ఆటకు మార్కులు – మనకు అభిప్రాయము

విద్యార్థులారా! వీడియో ఆటలను గూర్చి మీలో మీరు వాదించుకొనునప్పుడు ఒక మాట తఱచుగా వినబడుచున్నది: “దానికి వచ్చినవి నూటికి 60 మార్కులే, అది మంచి ఆట యెట్లగును?” తెలుగు పంతులకు ఈ ప్రసంగ మేల యని కొందఱు తలపవచ్చును. మార్కులు వేయుట మా వృత్తి. మార్కు దేనిని తెలుపునో, దేనిని తెలుపజాలదో చెప్పుటకు మాకు కొంత అధికారము కలదు.

ఈ మార్కులు పుట్టు విధమును మొదట చూతము. జపానులోని ఫామిత్సు పత్రికలో నలుగురు విమర్శకులు తలకు 10 చొప్పున, మొత్తము 40కి విలువ కట్టుదురు. 2001లో వెలసిన మెటాక్రిటిక్ అను వెబ్‌సైటు పలు పత్రికల మార్కులను కూర్చి నూటికి సగటు తీయును. అందు కొన్ని పత్రికలకు ప్రాధాన్యము హెచ్చు. దేనికెంతయో బయటికి చెప్పరు.

2010లో వెలువడిన ‘డెడ్లీ ప్రెమొనిషన్’ అను ఆటకు ఐజీఎన్ అమెరికా శాఖ పదింటికి 2 మార్కులిచ్చెను. డిస్ట్రక్టాయిడ్ 10 ఇచ్చెను. ఒకరికి బొమ్మల నాసితనము అడ్డు వచ్చెను. మఱియొకరికి ఆ విడ్డూరమే వినోదమాయెను. ఈ రెండింటి సగటు 6. ఆ ఆఱు ఎవరి అభిప్రాయము? ఎవ్వరిదియు గాదు.

మఱియొక సంగతి. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ విడుదలకు ముందు విమర్శకులకు అందినది కంప్యూటరుపై ఆడు ప్రతి మాత్రమే. వారు హెచ్చు మార్కులు వేసిరి. ప్లేస్టేషన్ 4పై అదే ఆట లోపములతో నిండి, నడుమ నడుమ ఆగిపోవుచుండెను. సుమారొక వారమునకే సోనీ సంస్థ దానిని తన దుకాణమునుండి తొలగించెను. 2021 జూనులో గాని మరల పెట్టలేదు. పరుల యంత్రముపై వేసిన మార్కు మన యంత్రమునకు చెల్లదు. ఇంట పాత ఫోను మాత్రమే యున్న బిడ్డకు ఇది మఱింత నిజము.

పై రెండు ఆటలును పెద్దలకు ఉద్దేశించినవి. ఆ సంగతి మార్కులో కానరాదు. తలిదండ్రులు మొదట చూడవలసినది, ఎన్నేండ్లవారికి తగునో తెలుపు గుర్తును.

అట్లని సమీక్షలు వ్యర్థములని మా మతము గాదు. సొమ్ము వెచ్చించుటకు ముందు వానిని చదువుట వివేకము. అయితే చదువవలసినది సంఖ్యను గాదు, కారణములను. ఆడిన పిదప తీర్పు మీది. తక్కువ మార్కులు వచ్చినవని సిగ్గుపడి, నచ్చిన దానిని నచ్చలేదనుట అసత్యము. ఎక్కువ వచ్చినవని, నచ్చని దానిని పొగడుట అరువు మాట. “నాకు నచ్చినది” యని ఊరకుండుటయు చాలదు. ఎందుకు నచ్చినదో చెప్పగలుగవలెను.

సంఖ్యను బట్టి విలువ కట్టుట తగదని మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ సీమలో తెలుగువారము కొలదిమందిమి; అందువలన మన భాష విలువ తగ్గినదా?

కావున ఇకమీదట ఒక ఆట ఆడిన వెంటనే, మార్కు చూడకమునుపే, మీ అభిప్రాయమును మూడు కారణములతో తెలుగున వ్రాయుడు. పిదప సమీక్షతో పోల్చుడు, భేదమున్నచో వెఱవకుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ వ్రాసినదానిని ఓపికతో చదివించుకొని వినుడు. మంచివానిని వచ్చు సంచికలో ప్రకటింతుము. వానికి మాత్రము మార్కులు వేయము.