హ్యాండీకి పొట్టి యాంటెనా: జేబుకి ఓకే, తుఫానుకి కాదు

మాది కారంచేడు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజు సెల్ టవర్లు ఆగిపోతే? లైసెన్స్ ఉన్నవాళ్ల చేతిలో హ్యామ్ రేడియో పనికొస్తుంది. కానీ లుక్ కోసం వేలెడంత యాంటెనా బిగిస్తే లాభం లేదు ఫ్రెండ్స్.

మన 2 మీటర్ల బ్యాండ్ 144–146 మెగాహెర్ట్జ్. అందులో పావు తరంగమే సుమారు అర మీటరు. దాన్ని స్ప్రింగులా చుట్టి కుదిస్తే సిగ్నల్ తగ్గక తప్పదు. రిపీటర్ పక్కనే ఉంటే పొట్టిది చాలు. రిపీటర్ లేకుండా చీరాల దాకా మాట్లాడాలంటే, నా ఓటు 40 సెంటీమీటర్లు దాటిన, వంగే విప్ యాంటెనాకే. కొనేముందు ఎస్ఎంఏ కనెక్టర్ మేలా, ఫిమేలా చూసుకోండి.

వాట్లు పెంచితే మన మాట మాత్రమే దూరం వెళ్తుంది, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. మంచి యాంటెనా అయితే అవతలివాళ్ల మాట కూడా మనకి వినిపిస్తుంది.