దమయంతికి తెలిసిన ఫోటోషాప్

ఫోటోషాప్ నేర్చుకునే ప్రతివాడికీ ఒక "కిరణాల దశ" ఉంటుంది. నాకూ వచ్చింది. ఫోటోలో బాగా వెలుతురున్న భాగాల్ని మాత్రం కొత్త లేయర్‌లోకి తీసుకుని, రేడియల్ బ్లర్‌లో జూమ్ ఎంచుకుని, కేంద్రాన్ని సూర్యుడి వైపు జరిపి, లేయర్‌ని స్క్రీన్ మోడ్‌లో పెడితే చాలు. చెట్ల సందుల్లోంచి ధగధగా కిరణాలు! అయిదు నిమిషాల పని. చూసినవాళ్ళంతా "అబ్బ!" అంటారు.

అదే నీడ బాగా వేశారనుకోండి, ఒక్కడూ మెచ్చుకోడు. బాగా కుదిరిన నీడని ఎవరూ గమనించరు మరి. నన్నడిగితే మాత్రం, నీడ వెయ్యడం రానివాడు కిరణాల జోలికి పోకూడదు. ఈ తెలివి నాకు ఆలస్యంగా వచ్చింది.

రెండేళ్ళ క్రితం అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పెరట్లో అందరం ఫోటో దిగాం. నాన్న పోయి అప్పటికి ఏడేళ్ళు. ఆయన్ని కూడా అందులో నిలబెడదామని నాకు బుద్ధి పుట్టింది. ఊళ్ళో స్టూడియోలో తీయించుకున్న నిలువెత్తు ఫోటో ఒకటుంది. కత్తిరించి అమ్మ పక్కన అతికించాను.

కాళ్ళ దగ్గర నీడకే రెండు రాత్రులు పట్టింది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పుంటాడు. అందుకే నీడ అంచు పాదాల దగ్గర పదునుగా ఉండి, తల వైపు పోయేకొద్దీ మెత్తబడుతుంది. 1 మీటరు దూరానికి కనీసం 9 మిల్లీమీటర్లు చెదురుతుంది. పైగా నీడ నల్లగా ఉండదు. ఆకాశపు వెలుగు పడి కొంచెం నీలంగా ఉంటుంది. ఉత్త నలుపుతో మల్టిప్లై చేస్తే గడ్డి మీద తారు పోసినట్టుంటుంది.

అదంతా కుదిరింది. ముఖం కుదర్లేదు. మా అందరికీ పక్కనుంచి సాయంత్రపు ఎండ, నాన్నకి ఎదురుగా స్టూడియో లైట్లు. ఆ తేడా కనబడకుండా పైన నాలుగు కిరణాలు జల్లేశాను.

అమ్మ చాలాసేపు చూసింది. "మనం ఎండలో ఉన్నాం, మీ నాన్నగారు లేర్రా" అంది.

దమయంతీ స్వయంవరం గుర్తొచ్చింది. ఎదురుగా అయిదుగురు నలులు. ఆవిడ వేడుకుంటే దేవతలు తమ గుర్తులు చూపించారు. చెమట లేదు, రెప్పపాటు లేదు, పాదం నేలకి ఆనదు, నీడ పడదు. నీడ ఉన్నవాడే నలుడు.

ఇప్పుడైతే ఒక వాక్యం టైపు చేస్తే యంత్రమే ముఖం మీది వెలుగుతో సహా సరిచేసి అతికించి పెడుతోంది. నాకు అక్కడే భయం. సినిమా పోస్టర్లకీ, శుభాకాంక్షల కార్డులకీ ఎన్ని కిరణాలైనా జల్లుకోండి, వాటిని ఎవరూ సాక్ష్యంగా చూడరు. ఇంట్లో దాచుకునే ఫోటో అలా కాదు. పాస్‌పోర్టే లేని మా నాన్న ఈ పెరట్లో నిలబడ్డాడని రేపు నా మనవలు నమ్ముతారు. ఆయన రాలేకపోయాడన్నది కూడా మా ఇంటి కథే. దాన్ని చెరిపే హక్కు నాకెక్కడిది?

"అమ్మ సంతోషపడుతుందిగా" అంటారేమో. పడలేదండీ.

ఆ ఫైలు తీసేశాను. మర్నాడు సాయంత్రం నాన్న ఫోటో ఫ్రేముని అమ్మ ఒళ్ళో పెట్టి, అదే ఎండలో ఇంకో ఫోటో తీశాను. ఫ్రేము నీడ అమ్మ చీర మీద పడింది. దాన్ని మాత్రం నేను వెయ్యలేదు.