ట్రాక్టరు మనది, తాళం కంపెనీదా?

అప్పు చేసి ట్రాక్టరు కొనేది మనం, కిస్తీలు కట్టేది మనం. ఇంజను కంప్యూటరు తాళం మాత్రం కంపెనీ చేతిలో! 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలావాటికి డీజిల్ ఎంత అందాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. సెన్సారు చెడితే ఊరి మెకానిక్ పానా చాలదు, కంపెనీ ల్యాప్‌టాప్ రావాలి. అది వచ్చేదాకా అదును ఆగుతుందా?

తాళం తీస్తే రైతులు పవర్ పెంచుకుంటారు, పొగ పెరుగుతుంది, ఇంజను పాడైతే వారంటీ భారం మాపై పడుతుంది అంటాయి కంపెనీలు. పొగ నిబంధనలు తప్పించుకునే హక్కు మేమూ అడగడం లేదు. కానీ చెడిన సెన్సారు మార్చుకోవడం పవర్ పెంచుకోవడం ఎలా అవుతుంది? అసలు పొగ పరీక్షను మోసగించే ప్రోగ్రాం పెట్టి 2015లో దొరికింది రైతు కాదు, ఫోక్స్‌వ్యాగన్ కార్ల కంపెనీ. అదీ తాళం వెనకాల దాగిన బాగోతం!

అమెరికాలో రైతులు పోరాడారు. వ్యవసాయ యంత్రాల రిపేరుకు కావలసిన సాఫ్ట్‌వేరు, పరికరాలు, సమాచారం రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. మన కేంద్రం 2022లో కమిటీ వేసి, పోర్టల్ పెట్టి చేతులు దులుపుకుంది.

పోర్టల్ కాదు, చట్టం కావాలి. రిపేరు తాళంచెవి రైతుకివ్వాలి. సోదరులారా, ట్రాక్టరు కొనేముందే డీలరును ఈ మాట నిలదీయండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.