జ్ఞానదంతానికి దూరాభారం

12 ఏళ్లకు రెండో పెద్ద దవడపన్ను వచ్చాక నోరు కొన్నేళ్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత 17 నుంచి 25 ఏళ్ల మధ్య, పిలవని పేరంటానికి వచ్చినట్టు, చిట్టచివరి పళ్లు బయల్దేరతాయి. బుద్ధి తెలిసే వయసులో వస్తాయి కాబట్టి మనం వాటిని జ్ఞానదంతాలన్నాం. బస్తర్ సంతల్లో వినిపించే హిందీలో అవి అకల్ దాఢ్. దవడలో చోటు చాలనప్పుడు అవి పెట్టే బాధ ఎక్కడైనా ఒక్కటే. వైద్యం మాత్రం ఒక్కలా అందదు. హైదరాబాద్‌లో దంతవైద్యుడు రెండు వీధుల అవతల ఉంటాడు. దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లో చాలా పల్లెలకు ఆయన ఒక రోజు ప్రయాణమంత దూరం.

అడవిలో గట్టి తిండి తినేవారికి ఈ బెడద ఉండదన్నది పట్నవాసుల నమ్మకం. అందులో కొంత శాస్త్రం లేకపోలేదు. బాల్యంలో బాగా నమిలితే దవడ బాగా ఎదుగుతుందనీ, మెత్తటి తిండి పెరిగే కొద్దీ చివరి పళ్లకు చోటు తగ్గుతోందనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అయితే బస్తర్‌లో రోజువారీ ఆహారం నమిలేది కాదు, తాగేది. అది రాగులతో కాచే మండియా పేజ్. మన అంబలి లాంటిదే. పళ్లు తోముకోవడానికి సర్గీ పుల్ల, అంటే సాల చెట్టు పుల్ల, వాడతారు. ముందు పళ్లకు అది భేషుగ్గా పనిచేస్తుంది కానీ దవడ చివరిదాకా చేరదు. ఇక పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన గుడాఖును చిగుళ్లకు రుద్దుకునే అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో ఆడా మగా అందరిలోనూ ఉంది. దానితో నొప్పి కాసేపు మరుగున పడుతుంది, జబ్బు మాత్రం లోపల ముదురుతుంది.

అసలు ప్రమాదం సగం మొలిచి ఆగిన పన్నుతోనే. దాన్ని కప్పిన చిగురు కింద మెతుకులు చేరి కుళ్లుతాయి. వాపు వస్తుంది, నోరు తెరవడం కష్టమవుతుంది. నాలుగు రోజులకు తగ్గి, నెల తిరక్కుండా మళ్లీ రావచ్చు. ఎక్కువసార్లు ఇది అంతటితో సరిపోతుంది. అరుదుగా చీము దవడ కిందికి, గొంతులోకి దిగుతుంది. నాలుక పైకి నెట్టుకుపోయి ఊపిరి ఆడదు. పంటి నొప్పిగా మొదలైంది అప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

ఏడు జిల్లాల బస్తర్ డివిజన్ విస్తీర్ణంలో కేరళ కంటే కాస్త పెద్దది. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2006లో వచ్చింది. ప్రభుత్వ దంతవైద్య కళాశాల అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, రాయ్‌పూర్‌లో ఉంది. 2019 అక్టోబర్ 2న రాష్ట్ర ప్రభుత్వం వారపు సంతల్లోనే రోగులను చూసే హాట్ బజార్ క్లినిక్ పథకం మొదలుపెట్టింది. 2020లో మొదలైన మలేరియా రహిత బస్తర్ ఉద్యమంలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికి కూడా రక్త పరీక్ష చేశారు. ఇవి చిన్న విజయాలు కావు. కానీ ఎముకలో ఇరుక్కున్న పన్ను సంతలో మాత్ర ఇస్తే పోయేది కాదు.

దాన్ని తీయడం ఒక్క పూట పని కూడా కాదు. వాపు, చీము ఉంటే ముందు చిగురు కింద శుభ్రం చేసి, అవసరాన్ని బట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి, కొన్ని రోజులాగుతారు. తర్వాత ఎక్స్‌రే చూసి, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎంత దగ్గరుందో గమనిస్తారు. మత్తు సూది వేసి, చిగురు కోసి, అవసరమైతే ఎముక కొంచెం తొలిచి, పన్నును ముక్కలు చేసి తీస్తారు. వారానికి కుట్లు విప్పాలి. అంటే మూడు ప్రయాణాలు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు, మేలో తునికాకు ఏరుకునే కుటుంబానికి మూడు ప్రయాణాలంటే ఏడాదికొకసారి వచ్చే ఆదాయంలో కోత పడినట్టే. అందుకే మొదటి విడత మందుతో వాపు తగ్గగానే చాలామందికి రెండో ప్రయాణం అనవసరమనిపిస్తుంది.

కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడేవారు చాలామంది. కోంటా నుంచి జగదల్‌పూర్ సుమారు 180 కిలోమీటర్లు. భద్రాచలం అందులో సగం కూడా లేదు. దారి దగ్గరే కాదు, భాష కూడా కలుస్తుంది. పన్ను తీసే ముందు అడగాల్సినవి చాలా ఉంటాయి: గర్భమా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, సికిల్‌సెల్ ఉందా? ఛత్తీస్‌గఢ్ గిరిజనుల్లో సికిల్‌సెల్ ఎక్కువ. అది ఉన్నవారికి ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం కొత్త ముప్పు తెచ్చిపెట్టగలవు. 2023లో కేంద్రం ప్రారంభించిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమంలో చేసే పరీక్ష ఫలితం పంటి డాక్టరు చేతికి కూడా అందాలి.

నగరాల్లో సమస్య దీనికి తలకిందులు. బాధించని జ్ఞానదంతాన్ని కూడా ముందుజాగ్రత్త పేరుతో తీయించుకునేవారున్నారు. జబ్బు లేని పన్నును అలా తీయొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2000లోనే సూచించింది. కాబట్టి బస్తర్‌కు కావలసింది పళ్లు పీకే శిబిరాలు కాదు, ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పగల డాక్టరు, ఎక్స్‌రే యంత్రం ఉన్న కుర్చీ. బ్లాకు ఆస్పత్రిలో వారానికొక రోజు, అదీ సంత రోజున, అవి సిద్ధంగా ఉంటే సగం దూరం తగ్గుతుంది. వాటంతటవే కరిగిపోయే కుట్లు వేస్తే మూడో ప్రయాణం తప్పుతుంది. పన్ను తీశాక కొన్ని రోజులు గుడాఖు జోలికి పోకుండా చల్లారిన పేజ్ తాగమంటే, ఆ పథ్యం ఏ ఇంటికీ భారం కాదు.

మిగిలింది మొదటి హెచ్చరిక. ఆశా కార్యకర్తల వ్యవస్థ దేశమంతటా రాకముందే, 2002లో ఛత్తీస్‌గఢ్ మితానిన్లను తయారుచేసుకుంది. నోట్లో రెండు వేళ్లు పట్టకపోవడం, మింగలేకపోవడం, దవడ కింద గట్టిగా వాయడం. ఈ మూడు గుర్తులు వాళ్లకు నేర్పడానికి ఒక పూట శిక్షణ చాలు. అప్పుడు ఆస్పత్రికి బయల్దేరాలా, మర్నాటిదాకా ఆగొచ్చా అన్నది ఊళ్లోనే తేలుతుంది.