వకీలుతో చెప్పిన మాట

వైద్యుని వద్ద, వకీలు వద్ద దాపరికము పనికిరాదని పెద్దల మాట. అయినను దివిసీమ పల్లెల నుండి విడాకుల విషయమై గుడివాడకో, మచిలీపట్నానికో వచ్చే మన సోదరీమణులలో పలువురు సగము చెప్పి సగము మింగుతున్నారు. నలుగురిలో పరువు పోవునన్న భయమే దీనికి కారణము. దాచిన సగమును ఎదుటి పక్షపు వకీలు క్రాస్ ఎగ్జామినేషనులో బయటికి లాగిన నాడు పరువుతోపాటు భరణమునకును ముప్పే.

ఈ భయమునకు చట్టమే సమాధానము చెప్పినది. 1872 నాటి సాక్ష్య చట్టములోని రక్షణ, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షనులో కొనసాగుచున్నది. కక్షిదారు సమ్మతి లేనిదే ఆమె చెప్పిన మాటను వకీలు వెల్లడింపరాదు. నేరము తలపెట్టి చెప్పిన మాటకు మాత్రము ఈ రక్షణ లేదు. వకీలు గుమాస్తాకును, ఉర్దూ మాటను తెలుగులో వినిపించే దుబాసీకిని ఇదే నిబంధన. తోడు వచ్చిన బంధువుకు ఇది వర్తించదు. కనుక కష్టము చెప్పుకొనునప్పుడు బంధువులను వెలుపల కూర్చుండబెట్టుట మేలు.

అయితే రహస్యము వేరు, అసత్యము వేరు. భరణపు కేసులలో ఉభయులును ఆదాయము, ఆస్తి, అప్పులు ప్రమాణ పత్రములో తెలుపవలెనని 2020లో రజనేష్, నేహాల కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినది. చిలకలపూడి రోల్డుగోల్డు దుకాణపు రాబడియైనను, దివిసీమలోని అరెకరము మాగాణియైనను అందులో చూపవలసినదే.

ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు ఉచిత న్యాయ సహాయమును 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము కల్పించినది. ఈ సంగతులను ఏటేటా ఒక న్యాయవాదిచే ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను చెప్పించవలెనని కళాశాల కమిటీవారికి మా మనవి. ఇక్కడ విన్న విద్యార్థి ఇంటికి వెళ్లి తన అక్కకు చెప్పగలడు.