నూనె మార్చితే జబ్బు పోతుందా?

జ్వరం వచ్చినవాణ్ణి డాక్టరుగారు ముందు పరీక్ష చేస్తారు. ఆ తర్వాతే మందు రాస్తారు. బండికి జబ్బు చేస్తే మాత్రం పెద్దలు చాలామంది "ఆయిలు మార్చి పంపించు" అంటారు. ఇది తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

శంషాబాద్‌లో, బెంగుళూరు రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు ఉంది. కిందటి వానాకాలంలో అక్కడికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ట్రక్కు ఒకటి వచ్చింది. ముందు ఇరుసులో ఒకటే మోత. మామూలు ట్రక్కులో ఇంజను శక్తి వెనక చక్రాలకే పోతుంది. ఈ రకం బండిలో గేర్‌బాక్సు తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ అనే మరో పెట్టె ఉండి, ఆ శక్తిని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచుతుంది. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు ఇరుసులు. వీటిలో దేని నూనె దానికే ఉంటుంది. కాబట్టి జబ్బు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి.

మెకానిక్ పానాతో ముందు ఇరుసు అడుగు బిరడా విప్పాడు. తేనెరంగులో ఉండవలసిన నూనె పాలు కలిపిన చాయలా జారింది. నూనెలో నీళ్లు చేరి చిలికినట్లు కలిసిపోతే వచ్చే రంగు అది! నూనె నల్లబడి మాడువాసన వేస్తే బాగా వేడెక్కిందని అర్థం. బిరడాకున్న అయస్కాంతానికి మెత్తటి ఇనుప పొడి కొద్దిగా అంటితే ఫరవాలేదు. పెచ్చులు కనిపిస్తే పళ్లచక్రాలు విరుగుతున్నాయన్నమాట.

"కొత్త నూనె పొయ్యి, పోతాను" అన్నాడు యజమాని తొందరగా. మెకానిక్ ఒప్పుకోలేదు. ఇరుసుపైన గాలి ఆడడానికి బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. అది బురదతో పూడిపోయింది.

అక్కడే ఉన్న అతని కొడుకు మా బడి విద్యార్థే. "బండి ఉడుకుగున్నప్పుడు నీళ్లల్ల దిగింది సార్. లోపలి గాలి సల్లబడి గుంజుకుంది. ముక్కు మూసుకపోయింది గదా, నీళ్లు సీలు సందులకెళ్లి ఒచ్చినయ్" అన్నాడు.

నేను సిగ్గుపడ్డాను. "వాయువుల సంకోచ వ్యాకోచములను వివరింపుము" అన్న ప్రశ్నకు అతను ఏమీ రాయలేదని నేనే సున్నా వేశాను!

లెక్క చూడండి. లోపల 80 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు గాలి ఉందనుకుందాం. నీటిలో దిగి 30 డిగ్రీలకు చల్లబడితే, అదే పీడనం వద్ద దాని ఘనపరిమాణం ఇంచుమించు 140 మిల్లీలీటర్లు తగ్గుతుంది. గొట్టం పూడిపోతే ఆ మేరకు బయటి గాలి లోపలికి రాలేదు. లోపల పీడనం పడిపోతుంది. బయటి నీటిని లోపలికి తోసేది ఆ తేడాయే. గొట్టం శుభ్రం చేయకుండా, సీలు చూడకుండా కొత్త నూనె పోస్తే మరో వానకు అదీ చాయరంగే అవుతుంది.

ఇది మన ప్రాంతంలో అరుదైన సంగతి కాదు. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి జాతీయ రహదారి మీదికే వరద వచ్చింది. అంత నీటిలో మునిగిన ఏ బండికైనా ఇరుసుల నూనె చూడడం అవసరం.

షెడ్డులో కారణం వెతికే పిల్లవాడు తనకు సైన్సు రాదనుకుంటున్నాడంటే, లోపం అతనిది కాదు, మా ప్రశ్నలది. "ఇరుసులోకి నీళ్లెలా వచ్చాయి?" అని పరీక్షలో ఎందుకు అడగకూడదు? ఈ ఏడాది నుంచి నేను అడుగుతున్నాను.

మీరూ ఒక పని చేయండి. రాత్రి ఆగి ఉన్న బండి కిందికి, పెద్దల ఎదుట, ఒక పాత వార్తాపత్రికను జరపండి. మీరు మాత్రం కిందికి దూరవద్దు. తెల్లవారి మచ్చ ఏ భాగం కింద పడిందో, రంగేమిటో, వాసనేమిటో రాసుకోండి. రుచి మాత్రం చూడకండి, కొన్ని ద్రవాలు విషం. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, రంగులు కంపెనీని బట్టి మారుతాయి. మీరు ఊహించిన కారణం నిజమో కాదో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.