హస్తవాసి ఒక్కటే చాలదు

“ఫలానా వైద్యుని హస్తవాసి మంచిది” అనే మాట మన తెలుగు ఇళ్ళలో తరతరాలుగా వినవస్తున్నది. ఆ మాట వైద్యునికి గౌరవమే గాని శాస్త్రానికి ప్రమాణం కాదు. వైద్యుడు గతిస్తే అతని హస్తవాసి కూడా అతనితోనే పోతుంది. గురుకులంలో గురుముఖతః విద్య నేర్చి, ఎన్నో ఏళ్ళుగా రోగులను చూస్తున్న నేను ఈ మాట కొంత నిష్ఠురంగానే చెబుతున్నాను. మన వైద్యులు తమ చికిత్సానుభవాన్ని పద్ధతి ప్రకారం వ్రాసి, వైద్య పరిశోధన పత్రికలకు పంపి, ఇతరుల పరీక్షకు నిలబెట్టాలి. అంతవరకు “మా మందుతో వందలమందికి నయమైంది” అన్న మాటను నమ్మమని ప్రజలను అడిగే అధికారం మనకు లేదు.

ఇది పరదేశపు పద్ధతి అని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. వారికి నేను చరక సంహితనే చూపుతాను. సూత్రస్థానం 26వ అధ్యాయంలో రసములు ఎన్ని అనే ప్రశ్నపై ఋషులు చర్చించారు. ఒక్కటే అని ఒకరు, రెండని ఒకరు, ఎనిమిదని వేరొకరు, లెక్కకు అందనివని మరొకరు వాదించారు. చివరకు ఆత్రేయ పునర్వసువు ఆరు అని నిర్ణయించాడు. అయితే గ్రంథంలో ఆ నిర్ణయం మాత్రమే మిగలలేదు. నిలువని వాదాలు కూడా వాదించినవారి పేర్లతో సహా నిలిచి ఉన్నాయి. విమానస్థానం 8వ అధ్యాయం ఒకే విద్య నేర్చినవారు పరస్పరం చర్చించుకోవడాన్ని తద్విద్యసంభాష అని పేర్కొని, దాని వలన జ్ఞానం పెరుగుతుందని, సందేహాలు తీరుతాయని బోధించింది. నేటి పరిశోధన పత్రిక తనకు అందిన వ్యాసాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపి, వారి ప్రశ్నలకు రచయిత సమాధానం చెప్పిన తరువాతనే ప్రచురిస్తుంది. ఈ సమీక్ష తద్విద్యసంభాష కాక మరేమిటి?

వ్రాయడం వలన కలిగే మేలుకు సర్పగంధ మంచి నిదర్శనం. ఆ వేరును మన దేశంలో వైద్యులు అనాదిగా వాడుతూనే ఉన్నారు. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ గార్లు ఉన్మాదంలోను, అధిక రక్తపోటులోను దాని గుణాన్ని ఒక భారతీయ వైద్య పత్రికలో వ్రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ గారు 50 మంది రోగులలో కనిపించిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. అప్పుడు ప్రపంచం ఆ వేరు వైపు తలతిప్పి చూసింది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దాని నుండి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. తరువాతి సంవత్సరాలలో ఆ మందు కొందరు రోగులలో తీవ్రమైన మనోవ్యాకులతను కలిగిస్తున్నదని మరికొందరు వైద్యులు వ్రాశారు. అది కూడా వ్రాత చేసిన ఉపకారమే. గుణం వ్రాతవలననే లోకానికి తెలిసింది. దోషమూ వ్రాతవలననే తెలిసింది.

మరి వ్రాయవలసినదేమిటి? మొదటిది, వాడిన ఔషధమేదో సందేహానికి తావులేకుండా చెప్పాలి. “రాస్న వాడితిని” అంటే చాలదు. ఉత్తరాదిన రాస్న అని వాడేది ప్లూచియా లాన్సియోలాటా అనే మొక్క. దక్షిణాదిన చాలాచోట్ల వాడేది ఆల్పీనియా గలంగా, అనగా మన దుంపరాష్ట్రము. పేరు ఒకటే అయినా మొక్కలు వేరు, గుణాలు కూడా వేరు కావచ్చు. అందుచేత శాస్త్రీయ నామం, వాడిన భాగం, తయారుచేసిన విధం, మోతాదు, అనుపానం, ఎన్ని రోజులు ఇచ్చినది అన్నీ ఉండాలి. ఈ విషయంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆదర్శం. అమెరికా వెళ్ళకముందు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో బోధించిన ఆయన, 1925లో ఫిస్కే గారితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించారు. ఆ వ్యాసాన్ని ముందు పెట్టుకొని, ఆయనను ఎన్నడూ చూడనివారు కూడా ఎక్కడైనా ఆ పరీక్ష చేయగలిగారు. పరిశోధన వ్యాసానికి గీటురాయి అదే.

రెండవది, రోగి స్థితిని చికిత్సకు ముందు, తరువాత ఒకే కొలతతో కొలవాలి. కీళ్ళనొప్పుల రోగి వస్తే నేను మొదటి రోజునే ఉదయం లేచాక కీళ్ళు ఎన్ని నిమిషాలు బిగుసుకొని ఉంటున్నవి, మెట్లు ఎక్కగలుగుతున్నారా, ఏయే ఇంగ్లీషు మందులు వాడుతున్నారు అని అడిగి వ్రాసుకుంటాను. మూడు నెలల తరువాత మళ్ళీ అవే ప్రశ్నలు వేస్తాను. “కొంత నయంగా ఉన్నదండీ” అన్న మాట వినడానికి సంతోషమే, కాని దానిని ఏ సమీక్షకుడూ అంగీకరించడు, అంగీకరించనూ కూడదు. ఇక ఒక్క రోగి వృత్తాంతాన్ని వ్రాసేవారు ఏయే అంశాలు విడువరాదో 2013లో వెలువడిన కేర్ మార్గదర్శకాలు వరుసగా చెబుతున్నవి. మన వైద్యులు వాటిని ఒకసారి చదివితే సగం శ్రమ తగ్గుతుంది.

మూడవది, నయం కానివారిని దాచరాదు. ఇరవై మందికి మందు ఇచ్చి పన్నెండు మందికి గుణం కనిపిస్తే, తక్కిన ఎనిమిది మంది ఏమైనారో కూడా వ్యాసంలో ఉండాలి. మధ్యలో మానినవారిని, వికారం కలిగినవారిని లెక్కలోనుండి తప్పించడం రోగికి ద్రోహం. రోగి వ్రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి, అతని పేరు, గుర్తులు బయటపెట్టరాదు. పలువురు రోగులపై పరిశీలన చేయదలిస్తే నైతిక సంఘం అనుమతి ముందుగా పొందాలి. కొత్తగా మందును పరీక్షించేటప్పుడు, 2007లో మొదలైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మొదటి రోగిని చేర్చుకోకముందే వివరాలు నమోదు చేయాలి. ముందే నమోదు చేసినవాడు ఫలితం చూసి ప్రశ్నను మార్చుకోలేడు. ఈ కట్టుబాటులోని మేలు అది.

“మాకు ఇంగ్లీషు రాదు” అని వెనుకాడే వైద్యమిత్రులు చాలామంది ఉన్నారు. భాష అడ్డంకే, కాని దాటరానిది కాదు. దగ్గరలోని ఆయుర్వేద కళాశాల అధ్యాపకునితోనో, ఆధునిక వైద్యునితోనో కలిసి వ్రాయవచ్చు. శ్రమపడినవారి పేర్లు మాత్రమే రచయితలుగా ఉండాలి. కంప్యూటరు చేత వ్యాసం వ్రాయించుకునే సదుపాయం కూడా నేడు వచ్చింది. భాష దిద్దుకోవడానికి వాడితే ఆ సంగతి పత్రికకు తెలియజేయాలి. రోగిని చూడని యంత్రం రోగి వృత్తాంతాన్ని కల్పించరాదు. డబ్బు కడితే మూడు రోజులలో అచ్చువేస్తామని ఉత్తరాలు పంపే పత్రికలు నాకూ తగిలాయి. సమీక్ష లేని అచ్చు కరపత్రంతో సమానం. వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పిపంపితే అవమానంగా భావించనక్కరలేదు. చెప్పిన లోపాలు దిద్ది మరొక పత్రికకు పంపవచ్చును. ఒకేసారి రెండింటికి పంపడం మాత్రం తప్పు.

2004లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ఒక వ్యాసం వెలువడింది. బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 లో సీసము, పాదరసము లేక పాషాణము హానికర ప్రమాణంలో ఉన్నట్లు అందులో తేలింది. ఇటువంటి వ్యాసం వచ్చినప్పుడు కోపగించుకోవడం సులభం. మన ఔషధం శుద్ధమైనదని మన విశ్వాసమైతే, ఏ తయారీలో, ఏ పరీక్షలో, ఎంత లోహం మిగిలినదో అంకెలతో వ్రాసి బదులు చెప్పాలి. వ్రాతకు వ్రాతే సమాధానం, సభలో కేకలు కావు.

పాఠకులకు ఇందులో పనేమిటి అనుకోవద్దు. మీ ఇంటికి వచ్చే ప్రకటనలో “శాస్త్రీయంగా నిరూపితం” అని కనిపిస్తే, ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో, ఎంతమంది రోగులపై అని అడగండి. పరీక్ష ఎలుకలపై జరిగినదా, మనుషులపై జరిగినదా అని కూడా అడగండి. సమాధానం రాకపోతే ఆ సీసా కొనకండి. అటువంటి ప్రకటన చూసి రక్తపోటుకు, మధుమేహానికి వాడుతున్న మందులను మీ అంతట మీరు మానకండి. సర్పగంధ వంటి తీవ్రమైన మూలికలను వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఇంట్లో వాడకండి. మీ పరీక్షల కాగితాలను తేదీల వరుసలో ఒక సంచిలో భద్రపరచి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. గుణం కనిపించిందని రాక మానివేయవద్దు, కనిపించలేదని మొగమాటంతో దాచవద్దు. వైద్యుడు మీ వృత్తాంతం వ్రాస్తానని అనుమతి కోరితే, చదివి, పేరు బయటపడదని నిర్ధారించుకొని, సమ్మతి ఇవ్వండి.

మీ వైద్యుని హస్తవాసిని పొగడండి, తప్పులేదు. దానితోపాటు “అయ్యా, ఇది ఎక్కడైనా వ్రాశారా?” అని కూడా ఒక మాట అడగండి.